నయము కాని వ్యాధి - కుటుంబ ధర్మము

వ్యాధి వచ్చును, వైద్యము జరుగును, వ్యాధి తొలగును. మానవుడు ఈ మూడు మాటల క్రమమునకు అలవాటుపడి యున్నాడు. ఇంట ఎవరికైన జబ్బు చేసినపుడు మనము పడు ఆతురతయంతయు ఆ మూడవ మాట కొరకే. మందు కొనితెచ్చుట, మొక్కు మ్రొక్కుట, అప్పు చేయుట, పట్టణమునకు పరుగెత్తుట - ఇవన్నియు "తగ్గును" అను విశ్వాసము మీద నడచు పనులు. కాని కొన్ని వ్యాధులు ఈ క్రమమును పాటింపవు. వైద్యుడు పరీక్షలన్నియు ముగించి, కాగితములు ప్రక్కన నుంచి, "ఇది నయమగు వ్యాధి కాదు" అని చెప్పిన దినమున ఆ కుటుంబము ఎదుట నిలుచునది వైద్యప్రశ్న కాదు, ధర్మప్రశ్న. నయము చేయలేని చోట చేయదగినది ఏమి? తగ్గించలేని వారము తోడుండుటకైన అర్హులమా? అయినచో ఆ తోడు ఎట్టిదై యుండవలెను?

విచారణ గాలిలో సాగరాదు కనుక ఒక వ్యాధిని ఉదాహరణముగా గైకొందము. చలననాడులు క్షీణించిపోవు జబ్బు ఒకటి కలదు. వైద్యులు దీనిని మోటార్ న్యూరాన్ వ్యాధి యందురు. ఇందు ముఖ్యమైన రకమునకు ఏ.ఎల్.ఎస్. అని పేరు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో 1869 నుండి దీని లక్షణములను వివరించి లోకమునకు తెలిపెను. మెదడు నుండి వెన్నుపాము వరకు ఒక వరుస, వెన్నుపాము నుండి కండరముల వరకు మరియొక వరుస, ఇట్లు రెండు వరుసల నాడీకణములు మన సంకల్పమును చేతికి, కాలికి, నాలుకకు చేరవేయుచుండును. ఈ వ్యాధిలో ఆ కణములే క్రమముగా నశించును. ఆజ్ఞ చేరని కండరము అదరి, సన్నగిల్లి, చచ్చుబడును.

మొదట ఇది చిన్న లోపముగా కనిపించును. చొక్కా గుండీ పెట్టుకొనుట కష్టమగును. కాలి చెప్పు తెలియకుండ జారిపోవును. మాట ముద్దగా వచ్చును. ఇంటివారు దానిని బలహీనత యనుకొందురు, వయస్సనుకొందురు. తరువాత చేతులు, కాళ్ళు, నాలుక, గొంతు ఒకదాని వెంట ఒకటి లోబడును. తుదకు శ్వాసను నడపు కండరములును అలసిపోవును. తొలి లక్షణము కనిపించినది మొదలు సాధారణముగా రెండు నుండి ఐదేండ్లు ఆయుర్దాయ మందురు. పదిమందిలో ఒకరు పదేండ్లకు మించి జీవింతురు. భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగునకు 1963లో, ఇరువదియొకటవ యేట ఈ వ్యాధి నిర్ధారణయైనను ఆయన 2018 వరకు, డెబ్బదియారేండ్లు బ్రదికెను. కాని అది అరుదైన ఉదాహరణము. మన దక్షిణదేశమున యువకులలో కనిపించు, వినికిడిని కూడ హరించు ఒక రకమును 1970లో మద్రాసు వైద్యులు గుర్తించిరి. అది కొంత నెమ్మదిగా సాగును. 1995 నుండి వాడుకలో నున్న రిలుజోల్ అను మందు ఆయువును కొన్ని నెలలు పొడిగించును. ఒక ప్రత్యేక జన్యులోపము గల కొద్దిమందికి పనికివచ్చు మందు 2023లో అమెరికాలో అనుమతి పొందినది. వ్యాధిని నిలిపివేయు మందు మాత్రము నేటికిని లేదు.

పోవునది ఇంత. మరి నిలుచునది ఏమి? స్పర్శజ్ఞానము నిలుచును. చెవి వినును, కన్ను చూచును. కనుగ్రుడ్లను త్రిప్పు కండరములు చాల వరకు చివరిదాక లోబడవు. కొందరిలో ఆలోచన, ప్రవర్తన కొంత మారుట కలదు. నూటికి పది పదునైదుగురిలో మతిమాంద్యము కూడ రావచ్చును. కాని అధిక సంఖ్యాకులలో బుద్ధి తేటగనే యుండును. ఈ వ్యాధి లేవనెత్తు ధర్మసందేహమునకు మూలము ఇచ్చటనే యున్నది. తన దేహము తన్ను విడిచి పోవుచుండుటను ఒక మనిషి పూర్తి తెలివితో చూచుచుండును. అతని చుట్టునున్న వారు అతనిని ఏమని భావింపవలెను?

ముందుగా రెండు అపచారములను తొలగించుకొందము. పరామర్శకు వచ్చినవారిలో ఒకరు తప్పక "పూర్వకర్మము" అందురు. ఆ మాట పలికినవారికి అది వేదాంతము. మంచము మీద వినుచున్నవారికి అది నేరారోపణము. ఏ జన్మమున చేసినదో తెలియని నేరమునకు ఈ జన్మమున శిక్ష ననుభవించుచున్నానని అతడు తలపోయుటకు మనము కారణము కావలెనా? పుట్టుకను బట్టి మనిషిని తూచుటను పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు నిరాకరించిన బసవేశ్వరుని అనుయాయులము మనము. పుట్టుకను బట్టి తూచరాదని తెలిసినవారము వ్యాధిని బట్టి తూచవచ్చునా? నాడీకణములు ఏల నశించునో వైద్యశాస్త్రమే ఇంకను వెదకుచుండగా, మనము తీర్పు చెప్పుటకు తొందరపడుట ధర్మమనిపించుకొనదు.

రెండవ అపచారము దాపరికము. ఇంట పెండ్లి కావలసిన పిల్లలుండిన, సంబంధములు తప్పిపోవునని రోగిని లోపలి గదిలో నుంచి, "పక్షవాతము" అనియో "నరముల బలహీనత" అనియో చెప్పు కుటుంబములు కలవు. ఈ వ్యాధి అంటునది కాదు. పదింట తొమ్మిది సందర్భములలో వంశములో మరెవరికిని ఉండదు, మిగిలినవే కుటుంబగతమైనవి. వంశములో ఇదివరకు ఎవరికైన వచ్చియున్నచో ఆ సంగతిని వైద్యునితో విచారించుట బాధ్యత, దాచిపెట్టుట పిరికితనము. మరుగున నుంచబడిన మనిషికి ఏమి బోధపడునో ఆలోచింపుడు. నా ఉనికి నా పిల్లలకు అపకీర్తి యని బోధపడును. వ్యాధి అతని చేతులను మాత్రమే తీసికొనెను. దాపరికము అతని స్థానమును కూడ తీసికొనును.

ఇక అసలు ప్రశ్నలలో మొదటిది: నిజము చెప్పవలెనా? మన ఇండ్లలో సాధారణముగ జరుగునది ఇది. వైద్యుడు పెద్దకుమారుని ప్రక్కకు పిలిచి చెప్పును. కుమారుడు తమ్ములకు చెప్పును, మేనమామకు చెప్పును. చివరకు ఊరందరకు తెలియును, రోగికి తప్ప. ఇది ప్రేమవలననే జరుగును, సందేహము లేదు. నిజము తెలిసిన కృంగిపోవునని వారి భయము. కాని రోగి అంధుడు కాడు. నిన్న ఎత్తిన చెంబును నేడు ఎత్తలేకపోవుట అతడు ఎరుగును. తాను గదిలోనికి రాగానే మాటలాగుటను ఎరుగును. కనుక దాచుటవలన అతనికి తప్పునది నిజము కాదు. నిజమును పంచుకొను తోడు మాత్రమే. తెలిసిన సంగతిని ఒంటరిగా మోయుట తెలియుటకంటె బరువు.

మరియొక కారణము కలదు. ఈ వ్యాధిలో కొన్ని నిర్ణయములకు గడువు కలదు. మ్రింగుట కష్టమైనపుడు పొట్ట గోడ ద్వారా అమర్చు ఆహారపు గొట్టము శ్వాస మరీ క్షీణించిన తరువాత అమర్చుట ప్రమాదము. గొంతు స్పష్టముగ నున్నపుడే తన కంఠస్వరమును నమోదు చేయించి యుంచినచో, పిమ్మట యంత్రము ద్వారా తన స్వరమునకు దగ్గరగా పలికించుకొను అవకాశము నేడు కలదు. అప్పుల లెక్కలు, ఆస్తుల పంపకము, కుమార్తె పెండ్లి, చెప్పవలసిన క్షమాపణ - వీని కన్నింటికిని నోరు, చేయి కావలెను. నిజమును దాచినవాడు ఈ గడువును దొంగిలించినవా డగుచున్నాడు.

అట్లని నిజమును నెత్తిన కుమ్మరించుమని కాదు. "నీకు ఎంతవరకు తెలిసికొనవలెనని యున్నది?" అని మొదట అడుగవలెను. కొందరు అంతయు ఒక్కసారి వినగోరుదురు. కొందరు నేటికి ఇంత చాలు నందురు. వినకుండుటయు వారి హక్కే. చెప్పునపుడు ప్రక్కన కూర్చుండు వారొకరు ఉండవలెను. చెప్పిన పిమ్మట ఆ గదిని విడిచి వెంటనే లేచిపోరాదు. అబద్ధము లేని ఆశ కూడ కలదని మరువరాదు. "తగ్గిపోవును" అనుట అబద్ధము. "నిన్ను ఒంటరిని చేయము" అనుట ఆశ. ఈ రెండవ మాటను నిలుపుకొనుట మన చేతిలో నున్నది.

రెండవ ప్రశ్న సేవను గూర్చినది. సేవ మంచిదనుటలో వాదము లేదు. కాని సేవ ఎపుడు పెత్తనముగా మారునో గుర్తించుట సులభము కాదు. ఒక బట్టల దుకాణదారుని ఊహించుకొందము. ముప్పదియేండ్లు అంగడి నడిపి, ఇంటి పెద్దగా మాట చెల్లించుకొన్నవాడు. ఇపుడు మాట ముద్దగుటచే ఒక వాక్యము చెప్పుటకు రెండు నిమిషములు పట్టును. మొదట ఇంటివారు అతని వాక్యములను తామే పూర్తిచేయుదురు. పిదప అడుగుట మానుదురు. "అప్పకు ఈ చొక్కా తొడుగుము, అప్పను అటు త్రిప్పుము" అని అతని తలమీదుగా మాటలాడుకొందురు. వచ్చిన బంధువులు "ఏమైన తినుచున్నాడా?" అని అతని భార్య నడుగుదురు, అతనిని కాదు. సేవలో లోపమేమియు లేదు. వేళకు భోజనము, వేళకు స్నానము జరుగుచునే యున్నవి. కాని ఆ ఇంట ఒక మనిషి స్థానమున ఒక పని మాత్రము మిగిలినది.

శరణమార్గము దాసోహమునకు ఇచ్చిన అర్థము ఇచ్చట మనకు వెలుగు చూపును. దానము చేయువాడు పైన నిలుచును. దాసోహము చేయువాడు క్రింద నిలుచును. ఇచ్చుచున్నానను భావము కూడ మిగులరాదని గదా మన పెద్దలు బోధించినది. దీనిని రోగి మంచము చెంతకు తెచ్చి చూడుడు. ఏ వేళ స్నానము, ఏ ప్రక్కకు ఒత్తిగిలుట, ఏ అన్నము ముందు, ఏ బంధువును రానిచ్చుట - ఈ చిన్న విషయములలో ఆజ్ఞ అతనిది, పని మనది. అతని చేయి చేయవలసిన పనిని మన చేయి చేయవలెనే గాని, అతని మనస్సు చేయవలసిన పనిని మన మనస్సు చేయరాదు. ఈ ఒక్క గీత చెరిగిపోకుండ చూచుకొన్న కుటుంబము సగము ధర్మమును నిలుపుకొన్నట్లే.

ఇందుకు ఓర్పు ఒక్కటే చాలదు, ఉపాయము కూడ కావలెను. మాట పూర్తిగా పోయినపుడు అక్షరముల పలక మిక్కిలి ఉపకరించును. మన తెలుగు వర్ణమాల ఈ పనికి సహజముగనే అమరియున్నది. అచ్చులు ఒక వరుస. క, చ, ట, త, ప వర్గములు ఐదు వరుసలు. య మొదలుకొని చివరి అక్షరముల దొకటి. ముందు వరుసను చూపుచు అడుగవలెను. రోగి రెప్పవాల్చిన వరుసలో అక్షరమును అడుగవలెను. ఒక పదమునకు మూడు నిమిషములు పట్టవచ్చును. "నీళ్ళు" అను మాటకు మూడు నిమిషములు కూర్చున్నవాడు, ఎదుటివాని మాటకు తన కాలముకంటె ఎక్కువ విలువ గలదని చెప్పకనే చెప్పినవాడగును. చిన్నపిల్లలు ఈ పలకను పెద్దలకంటె త్వరగ నేర్చుకొందురు. తాతకును మనుమనికిని అది ఒక బంధమగును.

ఇంకొక సంగతి తెలియక బాధపడు ఇండ్లు గలవు. ఈ వ్యాధిలో కొందరికి కారణము లేకయే నవ్వు గాని ఏడుపు గాని ఆగకుండ వచ్చును. దుఃఖవార్త చెప్పినపుడు తండ్రి నవ్వెనని పిల్లలు నొచ్చుకొందురు. అది మనస్సు చేసిన పని కాదు. మెదడులోని అదుపు సడలుటవలన వచ్చునది. తెలిసికొన్నచో అపార్థము తొలగును. తెలిసికొనుటయు సేవలో భాగమే.

మూడవ ప్రశ్న మన మార్గమునకే ప్రత్యేకమైనది. కాయకమునే కైలాసముగా ఎంచిన సంప్రదాయము మనది. మడివాళ మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలు ఏరెను. పనిలేని బ్రతుకు శరణుల దృష్టిలో బ్రతుకు కాదు. మరి చేయి లేవనివానికి కాయక మేది? అతడు ఈ మార్గమునకు వెలుపలి వాడగునా? ఈ సందేహమును ఎందరో రోగులు పైకి పలుకకున్నను లోలోపల మోయుదురు. "తిని కూర్చుండువాడ నైతిని" అనునది వారిని వ్యాధికంటె ఎక్కువగా కాల్చు మాట.

దీనికి సమాధానము ఆలోచించి చెప్పవలసి యున్నది. కాయకమనగా కండరముల కదలిక కాదు. అట్లయినచో ఎద్దునకు మించిన కాయకజీవి యుండదు. తనకు లభించిన దానితో, తనకు సాధ్యమైనంత, ఇతరుల కొరకు నిజాయితీతో చేయునది కాయకము. తన నొప్పిని తానెరిగి, సేవచేయువానిపై విసుగును మ్రింగుకొని, పలకమీద ఒక్కొక్క అక్షరముగా "నీవు తింటివా?" అని అడుగువాడు చేయునది కాయకము కాదా? అంగడి లెక్కలలో కుమారుడు తడబడినపుడు కనుసైగతో తప్పును చూపువాడు కాయకము మానినవాడా? సేవను అవమానముగా భావింపక స్వీకరించుట కూడ కష్టమైన పనియే. జీవితమంతయు ఇచ్చుచు వచ్చినవాడు చివరకు పుచ్చుకొనుట నేర్చుకొనవలసి వచ్చును. పుచ్చుకొనువాడు లేనిచో దాసోహము ఎట్లు జరుగును? కావున అతనిని పనినుండి పూర్తిగా తప్పించుట దయ కాదు. అతనికి సాధ్యమైనదానిని అతనిచేతనే చేయింపుడు, ఆలస్యమైనను సరే.

కట్టిన గుడికంటె నడయాడు మనిషిని పైన నిలిపిన మార్గము మనది. స్థావరముకంటె జంగమము గొప్పదని మనము చెప్పుకొందుము. మరి నడకయే ఆగిపోయిన మనిషి స్థావరమైపోయెనా? జంగమత్వము కాళ్ళలో నున్నదనుకొన్నవారికే ఈ సందేహము కలుగును. అది ఎరుకలో నున్నది. ఎరుక గల మనిషి మంచమునకు అంటియున్నను జంగముడే. కాళ్ళుండియు తన ఇంటి రోగి గదిలో అడుగుపెట్టనివాడు స్థావరము. సాధకుడు ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని దృష్టి నిలుపును. ఈ వ్యాధిలో అరచేయి నిలువకపోవును గాని చూపు నిలుచును. అతని అరచేతి క్రింద మరియొకరి అరచేయి ఆనించినచో పూజ ఆగదు. లింగము అతనిది, చూపు అతనిది, బలము మాత్రము ఇంటివారిది. ఇంతకంటె నిండైన సహపూజ ఏముండగలదు?

నాలుగవ ప్రశ్న: ఈ సేవ ఎవరు చేయవలెను? మనము "కుటుంబము" అని గౌరవముగ పలుకు మాటకు చాలచోట్ల అర్థము ఒక్క భార్య, లేక ఒక్క కోడలు. రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పకున్న వీపున పుండ్లు పడును. మెత్తగా, చిక్కగా చేసిన ఆహారమును గడ్డము కొంచెము వంచి, చిన్న చిన్న ముద్దలుగా పెట్టకున్న పొలమారి ఊపిరితిత్తులలోనికి పోవును. రాత్రి నిద్ర పట్టకుండుట, ఉదయము తలనొప్పి, వెల్లకిల పండుకొనలేకపోవుట శ్వాస క్షీణించుటకు గురుతులు. వానిని కనిపెట్టి వైద్యునికి చెప్పవలెను. ఇదంతయు పగలు రాత్రి ఒక్కరే చేయవలెనన్న, సంవత్సరము తిరుగునప్పటికి ఆ ఇంట ఇద్దరు రోగులుందురు. మగవారు వైద్యశాల ఖర్చు భరించి తమ ధర్మము తీరెననుకొందురు. ధనము ధర్మములో ఒక పాలు. రాత్రి రెండు గంటలకు లేచుట ఇంకొక పాలు. ఆ పాలునకు స్త్రీలనే హక్కుదారులను చేయుట, స్త్రీపురుష భేదమును పాటింపని అనుభవమంటపమును స్మరించు మనకు తగదు.

సేవ చేయువారికి విసుగు వచ్చును. కోపము వచ్చును. ఒక్కొక్కప్పుడు "ఇది త్వరగా ముగిసిన బాగుండును" అను తలపు వచ్చి, వెంటనే తమ్ము తామే అసహ్యించుకొందురు. వారికి చెప్పవలసినది ఇది: అలసిన దేహమున పుట్టిన తలపు పాపము కాదు, అది విశ్రాంతి కొరకు వేసిన కేక. ఆ కేకను వినవలసినది చుట్టునున్నవారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జ మహాదేవి కథ మన మెరిగినదే. శివునకు తల్లి లేదు గదా యని జాలిపడి, ఆమె తానే తల్లియై ఆయనను శిశువుగా సాకెను. శివుడు వ్యాధిగ్రస్తునివలె నటించి ఆహారము మానినపుడు ఆమె తల్లడిల్లిపోయెను. దేవునకే సేవచేసిన తల్లికి తల్లడిల్లుట తప్పలేదు. మన ఇండ్లలోని తల్లులు, భార్యలు, కోడళ్ళు తల్లడిల్లిన తప్పుపట్టుటకు మన మెవరము?

ఐదవది ధనమును గూర్చినది. నయము కాదన్న మాట వినగానే, నయము చేసెదమను వారు గుమ్మము ముందు నిలుతురు. రహస్య ఔషధము, విదేశపు సూది, మూలకణముల చికిత్స అని లక్షలు గుంజువారు పల్లెలలోను పట్టణములలోను గలరు. పొలము అమ్మి పెట్టిన ఖర్చు ప్రేమకు కొలత కాదు. ఆ ధనముతో ఒక మంచి చక్రాల కుర్చీ, గాలి పరుపు, మెడకు ఆనిక, రాత్రివేళ ముసుగు ద్వారా శ్వాసకు సాయము చేయు బైపాప్ యంత్రము, ఒక మనిషి తోడు సమకూర్చినచో రోగికి నిజముగ సుఖము కలుగును. ముసుగు యంత్రము ఆయువును పెంచుటయే గాక నిద్రను కూడ ఇచ్చునని వైద్యులు నిర్ధారించియున్నారు. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. ఆ చట్టము క్రింద ధ్రువపత్రము పొందుట భిక్ష కాదు, హక్కు.

చివరి ప్రశ్న అన్నిటికంటె కఠినము. శ్వాస నిలువనపుడు కంఠమున రంధ్రముచేసి యంత్రముతో ఊపిరి నడపవచ్చును. అట్లు కొన్నేండ్లు కూడ జీవింపవచ్చును; కాని పగలు రాత్రి శిక్షణ గల మనుష్యులు ప్రక్కన ఉండవలెను, దేహము మాత్రము తిరిగి కదలదు. ఈ యంత్రమును వద్దనుట ఆత్మహత్యయా? వలదన్నవాని మాటను మన్నించిన కుటుంబము పాపము చేసినట్లా?

ఇచ్చట రెండిటిని వేరుచేసి చూడవలెను. ప్రాణమును తీయుట ఒకటి; పోవుచున్న ప్రాణమును బలవంతముగ పట్టి నిలుపకుండుట మరియొకటి. మొదటిదానిని మన చట్టము అనుమతింపదు. రెండవదానిని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పులో గుర్తించినది. గౌరవముతో మరణించుట జీవించు హక్కులోని భాగమని, తెలివియున్నపుడే తన కోరికను ముందుగ వ్రాసి యుంచవచ్చునని ఆ తీర్పు చెప్పినది. 2023 జనవరిలో ఆ విధానమును సులభము చేసి, ఇద్దరు సాక్షులతో నోటరీ ఎదుట గాని గెజిటెడ్ అధికారి ఎదుట గాని ధ్రువపరచిన చాలునని నిర్ణయించిరి.

చట్టము సమ్మతించినది గనుక ధర్మమును సమ్మతించునని కాదు. ధర్మము అడుగునది వేరు: ఈ కోరిక ఎవరిది? ఇంటివారికి భారమగుచున్నానని కృంగి వలదన్నచో అది అతని నిర్ణయము కాదు, మన మొగములలో అతడు చదివిన విసుగు. అట్టి మాటను విని ఊరకుండుట అధర్మము. ముందు ఆ భారభావమును తొలగింపవలెను, కృంగుదలకు చికిత్స చేయింపవలెను, కొన్నాళ్ళ పిమ్మట మరల అడుగవలెను. అప్పుడును ప్రశాంతముగ అదే మాట చెప్పినచో దానిని శిరసావహింపవలెను. యంత్రము కావలెనన్నను అంతే, "ఎందుకు బాధ?" యని మన సౌకర్యమును దయగా చూపరాదు. కుమారులు తమ మనశ్శాంతికొరకు తండ్రి కంఠమున గొట్టము వేయించుటయు, తమ భారము తీరుటకొరకు వేయింపకుండుటయు ఒకే దోషమునకు రెండు ముఖములు. రెండింటను తండ్రి మాట వినబడలేదు.

యంత్రము వద్దన్నంత మాత్రమున వైద్యము ముగియదు. ఆయాసమును, ఆందోళనను తగ్గించు మందులు కలవు. ఊపిరాడని భయములో ఎవరిని విడువరాదు. దీనికొరకే ఉపశమన వైద్యము ఏర్పడినది. లండనులో సిసిలీ సాండర్స్ 1967లో స్థాపించిన ఆశ్రమము దీనికి మార్గము చూపగా, మన దేశమున కోజికోడులో 1993లో ఆరంభమైన కృషి కేరళ పల్లెలకు వ్యాపించినది. అచ్చట పొరుగువారే శిక్షణ పొంది, వైద్యునితోపాటు రోగి ఇంటికి పోవుచుందురు.

ఈ మాట మన మఠములకును చేరవలెను. మఠములు అన్నదాసోహమును, విద్యాదాసోహమును శతాబ్దములుగ నడిపినవి. తరతరములు అందువలన బాగుపడినవి. ఇట్టి వ్యాధిగ్రస్తుల ఇండ్లకు వారమున కొక రాత్రి పోయి కూర్చుండు యువకులను పదిమందిని మఠము తయారుచేసినచో, ఆ ఇంట ఒక స్త్రీ వారమున కొక రాత్రి నిద్రించును. గాలి పరుపులు, చక్రాల కుర్చీలు కొని యుంచి, ఒక ఇంట పని తీరిన పిదప మరియొక ఇంటికి పంపవచ్చును. స్వాములవారు పాదపూజకై పిలిచిన ఇంటికి పోవునట్లే, పిలువ నోరులేని ఇంటికి కూడ పోయి మంచము ప్రక్కన కూర్చుందురుగాక. అపుడు ఊరు ఆ ఇంటిని చూచు చూపు మారును.

మరణమును మనము లింగైక్య మందుము. ఆ మాటలో భయము లేదు. కాని ఆ మాటను సేవను తప్పించుకొనుటకు వాడుకొనరాదు; ఐక్యము కావలసినవాడు ఐక్యమగువరకు మన నడుమనే యున్నాడు. నయము చేయుట మన చేతిలో లేదు. నిజము చెప్పుట, మాట వినుట, చేయి ఆనించుట, సేవచేయువారి భారమును పంచుకొనుట మన చేతిలో నున్నవి. నయము కాని వ్యాధి ఒక ఇంటికి వచ్చినపుడు ఆ ఇంట ఇవి నాలుగును జరుగుచున్నవా లేవా యని ఆ ఇంటివారును, పొరుగువారును, మఠమువారును తమ్ము తామే ప్రశ్నించుకొందురు గాక. శరణు శరణార్థి.